జీన్ ఆర్డర్‌ను హోల్డ్‌లో పెట్టారంటే మనల్ని అనుమానించినట్టేనా?

మీరు అడిగినవి రెండు. డీఎన్ఏ తయారుచేసి అమ్మే కంపెనీకి ఆర్డర్ పెట్టిన జీన్‌ను వాళ్లు ఆపేసి (హోల్డ్) బయోసేఫ్టీ కమిటీ, అంటే సంస్థలో జీవభద్రత చూసే కమిటీ, లేఖ అడుగుతున్నారు, ఇది మామూలేనా అన్నది ఒకటి. ఈ తలనొప్పి లేకుండా బల్ల మీద పెట్టుకుని డీఎన్ఏ తయారుచేసుకునే మెషీన్ (సింథసైజర్) కొనేస్తే పోదా అన్నది రెండోది. మా ల్యాబ్‌లో డీఎన్ఏ ఆర్డర్లు చాలాకాలంగా నా చేతి మీదుగానే వెళ్తున్నాయి కాబట్టి చెబుతున్నాను. మొదటిది మామూలే. రెండోదానితో తలనొప్పి పోదు, కంపెనీ నెత్తి మీంచి మీ నెత్తి మీదికి వస్తుంది.

మాకు హోల్డ్ పడింది ఆంత్రాక్స్ బ్యాక్టీరియా జీన్ ఒకదాని మీద. ప్రొటెక్టివ్ యాంటిజెన్ అంటారు, ఆంత్రాక్స్ టీకాల్లో పనిచేసే ప్రొటీన్ అదే. ఒక్కటే ఉంటే అది విషం కాదు. అదే బ్యాక్టీరియా చేసే లీథల్ ఫ్యాక్టరో ఎడిమా ఫ్యాక్టరో అనే మరో ప్రొటీన్ తోడవ్వాలి. యాంటీబాడీలను గుర్తించే పరీక్ష కోసం తెప్పించుకుంటున్నాం. ఈ సంగతులన్నీ మాకు తెలుసు, స్క్రీనింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఎలా తెలుస్తాయి? అది సీక్వెన్స్‌ను (డీఎన్ఏ అక్షరాల వరుసను) ముక్కలుగా డేటాబేస్‌తో పోల్చి చూస్తుంది, నియంత్రిత జాబితాలోని జీవికి దగ్గరగా కనిపిస్తే పక్కన పెడుతుంది. ఆ తర్వాత మనిషి కూర్చుని తేల్చాల్సిందే.

ఆ తేల్చడం అంత తేలిక కాదు. ఆంత్రాక్స్ బ్యాక్టీరియాకూ మట్టిలో మామూలుగా ఉండే బాసిల్లస్ సీరియస్‌కూ జన్యువుల్లో చాలా భాగం ఒక్కటే. పోలిక కనబడిన ప్రతిదాన్నీ ఆపితే ఎవరి పనీ సాగదు. అందుకే 2010లో అమెరికా ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో ‘బెస్ట్ మ్యాచ్’ పద్ధతి పెట్టారు: 200 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) ముక్కకు అన్నిటికన్నా దగ్గరి పోలిక జాబితాలోని జీవితోనే ఉంటే పట్టించుకోవాలి, మామూలు జీవుల్లోనూ అంతే పోలిక ఉంటే వదిలేయాలి. మీ ఆర్డర్ ఆ జల్లెడలో మిగిలింది. అది సీక్వెన్స్ గురించిన మాట, మీ గురించిన మాట కాదు.

మీ గురించిన విచారణ వేరేగా ఉంటుంది. సంస్థ నిజంగా ఉందా, ఆ అడ్రస్‌లో ల్యాబ్ ఉందా, ఆర్డర్ పెట్టినవాళ్లకూ వాడేవాళ్లకూ సంబంధం ఏమిటి, ఇవీ చూస్తారు. కాబట్టి సొంత జీమెయిల్‌తో, ఇంటి అడ్రస్‌తో ఆర్డర్ పెట్టొద్దు. వాడుక వివరాల ఫారంలో మా సహోద్యోగి ఒకాయన ‘పరిశోధన కోసం’ అని రెండు ముక్కలు రాసి పంపితే అది మళ్లీ మా దగ్గరికే తిరిగొచ్చింది. ఏ ప్రొటీన్, ఏ జీవిలో (హోస్ట్) దాన్ని తయారుచేయిస్తాం, ఏ బయోసేఫ్టీ స్థాయి గదిలో, ఎవరి ప్రాజెక్టు కింద, కమిటీ అనుమతి నంబరెంత, పని అయ్యాక మిగిలినది ఏం చేస్తాం అని ఒక పేజీ రాసి ల్యాబ్ హెడ్ సంతకంతో పంపాక హోల్డ్ తీసేశారు. అవతల చదివేది బయాలజీ తెలిసినవాళ్లే. దాచినట్టు రాస్తేనే వాళ్లకు ప్రశ్నలు పుడతాయి. ఒక కంపెనీ అయితే అడిగిన కాగితాలే మళ్లీ మళ్లీ అడిగి విసిగించింది, అది మాత్రం వాళ్ల నిర్వాకమే, రూల్ తప్పు కాదు.

ఇంత హడావుడి ఎందుకంటారా? 2002లో అమెరికాలో పోలియో వైరస్‌ను కేవలం సీక్వెన్స్ ఆధారంగా ల్యాబ్‌లో తయారుచేశారు. 2006లో గార్డియన్ పత్రిక విలేకరి మశూచి వైరస్ జీన్‌లోని చిన్న ముక్కను లండన్‌లోని ఇంటి అడ్రస్‌కే తెప్పించుకున్నాడు. 2018లో కెనడా శాస్త్రవేత్తలు హార్స్‌పాక్స్ వైరస్‌ను కట్టిన విధానం ప్రచురించారు. డీఎన్ఏ ముక్కలు తెప్పించుకున్నది మామూలు కంపెనీ నుంచే. మశూచికి దగ్గరి చుట్టం అది. పై ల్యాబ్‌ల వాళ్లది దురుద్దేశమని కాదు, దారి ఉందని అందరికీ తెలిసిపోయింది.

మరి ఇది చట్టమా? చాలా చోట్ల ఇప్పటికీ కాదు. 2009లో పెద్ద కంపెనీలు కొన్ని కన్సార్టియంగా (కూటమిగా) ఏర్పడి తమకు తాముగా స్క్రీనింగ్ ప్రోటోకాల్ పెట్టుకున్నాయి. బ్రిటన్ 2024 అక్టోబరులో ఇచ్చినవీ మార్గదర్శకాలే. అమెరికా 2024 ఏప్రిల్‌లో ఒక ఫ్రేమ్‌వర్క్ తెచ్చి, ప్రభుత్వ గ్రాంట్ తీసుకునేవాళ్లు స్క్రీనింగ్ చేసే సప్లయర్ల దగ్గరే కొనాలంది. స్క్రీనింగ్ ముక్కను 200 నుంచి 50 బేస్‌లకు దించాలని కూడా అందులో ఉంది. 2025 మేలో వచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ దాన్ని సవరించమంది, లేదా దాని స్థానంలో మరొకటి తెమ్మంది. అందుకని అమెరికా గ్రాంట్ ఉంటే పాత మెయిల్ చూసి నడుచుకోకుండా ఈ రోజు ఏది అమల్లో ఉందో గ్రాంట్స్ ఆఫీసును అడగండి.

ఇక మెషీన్ సంగతి. బెంచ్‌టాప్ సింథసైజర్లకూ ఇవే నియమాలు వస్తున్నాయి. 2023లో అమెరికా ఆరోగ్య శాఖ పాత మార్గదర్శకాలను మార్చినప్పుడే తయారీదారులను కలిపింది: మెషీన్ అమ్మే ముందు కొనేవాళ్లెవరో చూడాలి, మెషీన్ దగ్గర ఎవరు లాగిన్ అయ్యారో, ఏం తయారుచేశారో తెలిసేలా ఉండాలి. పైగా కార్ట్రిడ్జ్‌లు, రీజెంట్లు మళ్లీ కంపెనీ నుంచే రావాలి. ప్రైమర్లు (పీసీఆర్ లాంటి పనులకు వాడే చిన్న డీఎన్ఏ ముక్కలు) రోజూ బోలెడు కావాల్సిన ల్యాబ్‌కు మెషీన్ లాభమే, కొనండి. మీరు ఆర్డర్ పెట్టినలాంటి పూర్తి జీన్ కోసమైతే మాత్రం, చిన్న డీఎన్ఏ ముక్కలు (ఓలిగోలు) చేసి, అతికించి, సీక్వెన్సింగ్‌తో సరిచూసుకునేసరికి హోల్డే నయమనిపిస్తుంది. పాస్‌వర్డ్‌లు పంచుకోకుండా చూడటం, రిజిస్టర్ రాయడం కూడా మీ పనే అవుతుంది.

మీరు ఇప్పుడు చేయాల్సింది కమిటీ లేఖ కోసం అప్లై చేసి, అది వచ్చేలోగా ఆ ఒక పేజీ వాడుక వివరం కంపెనీకి పంపడం. లేఖ రావడానికి ఎన్నాళ్లు పడుతుందో కూడా అందులోనే రాయండి. లేకపోతే కొందరు ఆర్డర్‌ను క్యాన్సిల్ చేసేసి కొత్తగా పెట్టమంటారు.