భువనగిరి గుట్ట ఎక్కే ముందు ఇది చదవండి

బుజ్జీ,

పొద్దున మీ అమ్మ ఫోన్ చేసి ఊళ్ళో వాళ్ళ సంగతులన్నీ చెప్పుకొచ్చి, ఇక పెట్టేస్తాననగా "అన్నట్టు, వచ్చే ఆదివారం పిల్లలిద్దరూ భువనగిరి కోట ఎక్కుతారట" అంది, కూరగాయలకు వెళ్తున్నారన్నంత తేలిగ్గా. నాకు సంతోషమూ వేసింది, గుండె గుభేల్‌మనీ అంది. ఆయాసం వంక పెట్టి స్కూల్లో ప్రతి పీటీ పీరియడూ ఎగ్గొట్టిన దానివి, ఇప్పుడు మొగుడితో కలిసి ఐదొందల అడుగుల బండ ఎక్కుతానంటున్నావు! వాయిస్ మెసేజ్ పెడితే సగం విని వదిలేస్తావని రాస్తున్నాను. అల్లుడికి కూడా చదివి వినిపించు, మధ్యలో ఏమీ మింగెయ్యకుండా.

మామూలు సంగతులు ముందు అయిపోనీ. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, టోపీ, అరిగిపోని బూట్లు. తిండి కవర్లు చేతిలో పట్టుకోకండి, కోతులుంటాయి. బండి మీద వద్దు, ఉప్పల్‌లో బస్సెక్కండి, గుట్ట దిగి వణికే కాళ్ళతో హైవే మీద బండి నడపాల్సిన ఖర్మ మీకెందుకు? టికెట్ కౌంటర్ ఎప్పుడు తెరుస్తారో ముందే కనుక్కుని, తెరిచేసరికి అక్కడుండండి. నీ ఇన్‌హేలర్ నీ జేబులోనే ఉండాలి. అల్లుడి బ్యాగులో పెడితే అతను ఇరవై మెట్లు ముందున్నప్పుడే నీకు దాంతో పని పడుతుంది, రాసిపెట్టుకో.

డిసెంబరే కదా, ఎండేం చేస్తుందిలే అనుకోకు. పైన గాలి చల్లగా తగులుతుంటుంది కాబట్టి ఒళ్ళు ఎండిపోతున్న సంగతి తెలియదు, కిందేమో బండ కాలుతుంటుంది, ఆ గుట్ట మీద చెట్టు నీడ దొరకడం కష్టం. తలనొప్పి, కడుపులో తిప్పడం మొదలైతే పైకి ఒక్క మెట్టు కూడా వద్దు. ఎక్కడో ఒక గోడ నీడన కూర్చోబెట్టి మెడకీ చంకలకీ తడిగుడ్డ పెట్టి, కొంచెం కొంచెంగా నీళ్ళు తాగించాలి. మాట తడబడినా, అడిగిన దానికి సంబంధం లేని జవాబిచ్చినా ఇంక చూడకు, 108కి కొట్టు. ఇంకోటి, ఆ రోజు సెంటు కొట్టుకోకండి. అలాంటి బండల అంచుల్లో పెద్ద తేనెపట్టులు ఉంటాయి, వాసనకీ పొగకీ రేగుతాయి. లేస్తే చేతులు ఊపకుండా చున్నీ తల మీద వేసుకుని మెట్ల దారినే దూరంగా వచ్చెయ్యండి.

ఇక అసలు సంగతి. మీ బాబాయ్ ఘనకార్యం నువ్వు వినలేదు, ఆయన ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనివ్వలేదు మరి. మా పెళ్ళైన కొత్తలో యాదగిరిగుట్టలో దర్శనం చేసుకుని తిరిగొస్తూ, ఎలాగూ దారిలోనే కదా అని భువనగిరిలో దిగాం. శివరాత్రి వెళ్ళిపోయింది, ఎండలు ముదురుతున్నాయి. ఆయన కాళ్ళకి ఆఫీసు బూట్లు, అడుగున నున్నటి తోలు. ఎక్కడం బాగానే ఎక్కాం. కోట పైభాగమైన బాలాహిస్సార్ దగ్గర కూర్చుని, త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిన కోట అంటూ చాళుక్యుల గురించి నాకు పాఠం కూడా చెప్పారు. దిగేటప్పుడు వచ్చింది బుద్ధి. మెట్లు చుట్టు తిరిగి పోతున్నాయి, కిందనేమో రోడ్డు కనిపిస్తోంది. "ఇలా బండ మీంచి దిగితే పది నిమిషాల్లో రోడ్డెక్కుతాం" అన్నారు. నేను వద్దన్నాను. "అబ్బ, వాలు ఏమంత ఉంది?" అని నడిచేశారు.

నిజమే, పైనుంచి చూస్తే వాలు ఏమీ ఉండదు. ఆ గుట్టలో ఉన్న మోసమే అది. బోర్లించిన మూకుడులా ఉంటుంది, నడినెత్తిన సమంగా ఉండి, దిగేకొద్దీ నీకు తెలియకుండానే వాలు పెరుగుతుంది, నిలబడిన చోటు నుంచి అంచు ఎక్కడుందో కనపడదు. కాలు ఆగడం లేదని తెలిసేసరికి వెనక్కి తిరగడానికి వీలుండదు. ముందు ఆయన నడుము దాకా కనిపించారు, తర్వాత భుజాలు, తర్వాత తల, తర్వాత ఏమీ లేదు. కాసేపటికి "ఏమేవ్" అని సన్నగా వినిపించింది. ఆ గొంతు మీ బాబాయ్‌దని నమ్మలేకపోయాను.

నేను వెనకే వెళ్ళలేదు, వెళ్ళుంటే కేకెయ్యడానికి పైన ఎవరూ ఉండేవాళ్ళు కాదు. గట్టిగా అరిస్తే మేకలు కాసుకునే ఒకాయన వచ్చాడు. ఆయన చుట్టు తిరిగి పక్కగా దిగి చూస్తే ఏముంది, మీ బాబాయ్ బండని కౌగిలించుకుని బోర్లా పడుకుని ఉన్నారట, జరజరా ఇంకా కిందికి జారుతూ. "పండుకోకు సారూ, లేసి నిలబడు!" అని ఒకటే అరుపు. భయమేస్తే ఎవరైనా రాతికి అతుక్కుపోతారు, కానీ అలా వాలితే బరువు పాదాల మీద నుంచి తప్పిపోయి కాళ్ళు ఇంకా జారతాయి. నిటారుగా నిలబడితేనే ఒంటి బరువంతా పాదాల మీద పడి పట్టు దొరుకుతుంది. ఆయన బూట్లు విప్పించి, ఎక్కడ కాలు పెట్టాలో ఒక్కో అడుగూ చెబుతూ పైకి తెచ్చాడు. విప్పిన బూటొకటి దొర్లుకుంటూ పోయిన చప్పుడు చాలాసేపు వినపడింది. మిట్టమధ్యాహ్నపు బండ కదా, మీ బాబాయ్ అరికాళ్ళూ అరచేతులూ బొబ్బలు. డబ్బులిస్తే తీసుకోలేదు ఆ మేకలాయన, బీడీ ఉందా అని అడిగాడు. లేదంటే నవ్వి, మా దగ్గరున్న యాదగిరిగుట్ట లడ్డూ తీసుకుని వెళ్ళిపోయాడు.

అందుకే చెబుతున్నాను, మెట్లు వదిలి ఒక్క అడుగు పక్కకి వేసినా ఊరుకోను. ఫోటో కోసమైనా సరే. వాన పడితే మెట్లు కూడా నమ్మకు, నీళ్ళు పారే నల్లటి చారల మీద అసలు కాలు పెట్టకు, ఆ రోజు ప్రయాణమే మానెయ్యండి. "అక్కడ రాక్ క్లైంబింగ్ నేర్పిస్తారు కదా పిన్నీ" అంటావని తెలుసు. నేర్పిస్తారు. మాలావత్ పూర్ణ ఆ బండ మీద శిక్షణ తీసుకునే, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, అప్పటికి పదమూడేళ్ళ పిల్ల. పేపర్లో చూసి నేను ఏడ్చినంత పని చేశాను. కానీ నేర్చుకునేవాళ్ళకి తాడుంటుంది, నెత్తిన హెల్మెట్ ఉంటుంది, ఆ తాడు పట్టుకునే మనిషి ఉంటాడు. అల్లుడికి ఏముంది? యూట్యూబ్.

కోప్పడుతున్నానని అనుకోకు. అల్లుడు మంచివాడు, కానీ కొత్త పెళ్ళాం ముందు మగాడికి లేని ధైర్యాలు వస్తాయి, అలాంటప్పుడు నువ్వు మొహమాటపడి ఊరుకోకూడదు. బయల్దేరే ముందే ఇద్దరూ ఒక మాట అనుకోండి, ఎవరు "చాలు, దిగుదాం" అన్నా రెండోవాళ్ళు ఎందుకని అడగకుండా దిగాలి. వినకపోతే నువ్వు మెట్టు మీద కూర్చుండిపో. నువ్వు కదలకపోతే అతనే వస్తాడు. నీకు ఆయాసం వస్తే దాచకు, నువ్వు దాచేదానివని నాకు తెలుసు. చిన్నప్పుడు మా మేడ మెట్లెక్కి వచ్చి, ఊపిరాడక పెదాలు నీలంగా మారినా "ఏం లేదు పిన్నీ" అనేదానివి. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి. నువ్వు పైదాకా వెళ్ళావా లేదా అని నిన్ను ఎవరూ అడగరు, అడిగితే నా నంబర్ ఇవ్వు.

దిగేటప్పుడు మోకాళ్ళు కొంచెం వంచి, చిన్న చిన్న అడుగులు వెయ్యండి. మెట్ల మీద సన్నటి ఇసుక ఉన్న చోట పక్కకి తిరిగి దిగితే మేలు. అటుకులు వేయించి పంపిస్తాను, కొంచెం ఉప్పు ఎక్కువే వేస్తాను, పేరు పెట్టకుండా తినండి.

మీ బాబాయ్ పక్కనే కూర్చుని ఇదంతా చదివి, "బూటు సంగతి తీసెయ్" అంటున్నారు. తియ్యను. శనివారం రాత్రి అల్లుడితో ఆయనే మాట్లాడతారట, ఫోన్ ఎత్తమని చెప్పు.

మీ పిన్ని