బీటెక్ మూడో ఏడాదిలో సార్‌తో కలిసి రీసెర్చ్ చేయొచ్చా? చంద్రపూర్ నుంచి నా అనుభవం

నువ్వు అడిగింది ఇది: చంద్రపూర్‌లో సివిల్ మూడో ఏడాది. బల్లార్షాలో తెలుగు కుటుంబం. మీ సార్ ఒకరు నీటి మీద రీసెర్చ్ చేద్దాం రమ్మంటున్నారు. ఇంట్లోవాళ్లేమో గేట్‌కి (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) చదువుకో, ఇవన్నీ ఇప్పుడెందుకు అంటున్నారు. పదికి ఏడు సీజీపీఏతో చేయగలనా, చేస్తే లాభం ఉందా అన్నావు.

తమ్ముడూ, వెళ్లు. సార్ తనంతట తాను పిలవడం అందరికీ దొరికే అవకాశం కాదు.

మా నాన్నగారు బొగ్గు గనుల్లో ఉద్యోగం కోసం కరీంనగర్ వైపు నుంచి ఇక్కడికి వచ్చారు. నేనూ ఇక్కడే సివిల్ చదివాను. చివరి రెండేళ్లు ఒక మేడమ్ దగ్గర తాగునీళ్లలోని ఫ్లోరైడ్ మీద పనిచేశాను. ఇప్పుడు నాగ్‌పూర్‌లో నీటి పరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం. అందుకే నీ ప్రశ్న చూడగానే జవాబు రాయాలనిపించింది.

ముందు మార్కుల టెన్షన్ వదిలెయ్. ల్యాబ్ పనికి కావలసింది చెప్పిన టైముకి రావడం, చూసింది చూసినట్టు నోట్‌బుక్‌లో రాయడం. ఈ రెండూ చేసేవాళ్లు దొరక్క సార్లు వెతుక్కుంటుంటారు. నువ్వు ఆలోచించాల్సింది సార్ గురించి. ఆయన దగ్గర పనిచేసిన సీనియర్లను కలువు. ఆయన ల్యాబ్‌లోకి వస్తారా, డ్రాఫ్ట్ ఇస్తే చదువుతారా, విద్యార్థుల పేర్లు రీసెర్చ్ పేపర్‌లో వేస్తారా, ఈ మూడూ అడుగు. పెద్ద పేరున్న గైడ్ కంటే, రీడింగ్ తేడాగా వచ్చిన రోజు పక్కన వచ్చి నిలబడే గైడ్ వెయ్యి రెట్లు నయం. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో నా అనుభవం చదివితే నీకే తెలుస్తుంది.

మన చంద్రపూర్, పక్కన యవత్మాళ్ జిల్లాల్లో కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. అంతకు మించిన నీళ్లు చిన్నప్పటి నుంచి తాగిన పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి బాగా ఎక్కువ మోతాదులో తాగితే ఎముకలు, కీళ్లు దెబ్బతింటాయి. నీళ్లలోంచి దీన్ని తీయడానికి నాగ్‌పూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) నల్గొండ టెక్నిక్ తయారుచేసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, మడ్డి అడుగుకు దిగాక పై నీళ్లు వడకట్టుకోవడం. ఇంట్లో బకెట్‌లో కూడా చేసుకోవచ్చు. పటిక ఎంత వేయాలనేది ఆ నీళ్లలోని ఫ్లోరైడ్, క్షారత రెండింటినీ బట్టి మారుతుంది. మా ఊళ్ల నీళ్లకు ఎంత సరిపోతుందో చూడటమే మా పని.

ఫ్లోరైడ్ కొలవడానికి కాలేజీలో స్పాడ్న్స్ పద్ధతి ఒక్కటే ఉండేది. జిర్కోనియంతో కలిసిన ఎర్రటి రంగు నీళ్లలో ఫ్లోరైడ్ వేస్తే, ఫ్లోరైడ్ జిర్కోనియాన్ని లాగేసుకుంటుంది, రంగు తగ్గుతుంది. ఎంత తగ్గిందో, రంగు గాఢతను కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 570 నానోమీటర్ల దగ్గర చూస్తారు. పటిక వేసి తీసిన నీళ్లు పెట్టి చూస్తే ఫ్లోరైడ్ అనుకున్నదానికంటే బాగా తగ్గినట్టు వచ్చింది. మాకు పండగే. మేడమ్ మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని, "పటికలో ఏముంది?" అని అడిగారు. అల్యూమినియం అన్నాం. "అది కాస్త నీళ్లలో మిగిలిపోతే ఫ్లోరైడ్‌ని పట్టుకుని కూర్చోదా? జిర్కోనియం దాకా పోనిస్తుందా?" అన్నారు.

నిజమే. ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉంటుంది, కానీ అల్యూమినియంతో కట్టుబడి ఉంటుంది కాబట్టి రంగు మీద దాని ప్రభావం పడదు. మీటర్ తక్కువ చూపిస్తుంది. శాంపిల్‌ని ముందు డిస్టిల్ చేసుకోవాలి (మరిగించి ఆవిరిని చల్లార్చి పట్టుకోవడం), లేదా నీళ్లలో ముంచి ఫ్లోరైడ్‌ని నేరుగా కొలిచే ఎలక్ట్రోడ్‌తో చూడాలి. ఎలక్ట్రోడ్‌తో చూసేటప్పుడు కలిపే టిసాబ్ అనే బఫర్ అల్యూమినియాన్ని తను పట్టుకుని ఫ్లోరైడ్‌ని వదిలిస్తుంది. మేడమ్ తనకు తెలిసిన వేరే కాలేజీ ల్యాబ్‌లో మాట్లాడి మమ్మల్ని శాంపిళ్లతో పంపారు. అక్కడ అంకెలు మారాయి, కొన్ని బాగా మారాయి. ఆ అంకెలే రిపోర్ట్‌లో పెట్టాం. ఒక మంచి గైడ్ దగ్గర నేర్చుకునేది ఇదే. అల్యూమినియం ఇలా అడ్డుపడుతుందని పుస్తకంలో ఉంటుంది, నేనూ చదివే ఉంటాను. కానీ మన చేతిలో ఉన్న సీసా గురించి ఆ ప్రశ్న అడిగే మనిషి ఎదురుగా ఉంటేనే అది బుర్రకెక్కుతుంది. ఉద్యోగం ఇంటర్వ్యూలో నన్ను ఎక్కువసేపు అడిగింది కూడా దీని గురించే.

ఇంకో మాట. శాంపిళ్లకు ఊళ్లకు వెళ్లినప్పుడు మన తెలుగు ఎంత ఉపయోగపడుతుందో నువ్వే చూస్తావు. రాజురా దాటి తెలంగాణ సరిహద్దు వైపు పోతే చాలా ఇళ్లలో పెద్దవాళ్లతో తెలుగులో మాట్లాడొచ్చు. ఏ బోరు నీళ్లు వంటకు, ఏవి పశువులకు, వేసవిలో ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు అనేవి ఆ ఇళ్లలోని ఆడవాళ్లు కూర్చోబెట్టి చెబుతారు. అవేవీ ప్రభుత్వ రిపోర్టుల్లో దొరకవు. మరాఠీ ఎలాగూ వచ్చు కదా, గోండీ తెలిసిన స్నేహితుడు తోడుంటే ఇంకా మంచిది. ప్లాస్టిక్ సీసాలే తీసుకెళ్లు, ఫ్లోరైడ్‌కి గాజు పనికిరాదు. తేదీ, ఊరు, ఏ బోరు అనేది అక్కడే సీసా మీద రాసెయ్.

పేపర్ కోసం తొందరపడకు. డబ్బు కడితే వారంలో వేస్తామని మెయిల్ పెట్టే జర్నల్స్ జోలికి అసలు పోవద్దు. సార్ అలాంటిదాన్లో వేద్దామన్నా, ఆగుదాం సార్ అని మర్యాదగా చెప్పు. పేపర్ రాసినవాళ్ల వరసలో నీ పేరు ఎక్కడ వస్తుందనేది మొదట్లోనే అడిగేయడం మంచిది, అందులో తప్పేం లేదు.

గేట్ సంగతి. సివిల్ పేపర్‌లో ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ ఉంది, నీటి శుద్ధి అందులోదే, కాబట్టి ఈ చదువు వృథా పోదు. వారంలో రెండు మధ్యాహ్నాలు, పరీక్షలప్పుడు సెలవు అని సార్‌తో ముందే మాట్లాడుకో. నాన్నగారికి కూడా అదే చెప్పు. రీసెర్చ్ అని గాల్లో చెబితే వాళ్లకి భయం. ఫలానా రోజుల్లో ఫలానా టైముకి ఇంటికొస్తాను అంటే ఒప్పుకుంటారు. మా ఇంట్లో అలాగే ఒప్పుకున్నారు.

మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్ ఉంది, రెండు నెలలు పేరున్న శాస్త్రవేత్త దగ్గర పనిచేయొచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లో ష్యూర్ పేరుతో వేసవి ఇంటర్న్‌షిప్ ఉంది. వీటికి మార్కులు చూస్తారు, అందుకే ఏడుని కాస్త పైకి లాగు. అకాడమీల ఫెలోషిప్‌కి టీచర్ రాసిచ్చే సిఫారసు ఉత్తరం కావాలి, దరఖాస్తులు మామూలుగా దసరా, దీపావళి రోజుల్లో తీసుకుంటారు. ఈ నెలలోనే సార్ దగ్గర చేరిపో, అప్పటికి నీ పని చూసి రాయడానికి ఆయనకు ఏదో ఒకటి ఉంటుంది.