డైవింగ్ ట్రిప్‌లో ఎక్కడ దిగాలి? ముందు పడవ చూడండి, గది తర్వాత

"స్కూబా డైవింగ్‌లో మొదటిదైన ఓపెన్ వాటర్ కోర్సు ఈమధ్యే అయింది. కోర్సులో చేసిన నాలుగు డైవ్‌లే నా అనుభవం. మా ఆవిడ డైవ్ చేయదు. 7 రోజుల సెలవు ఉంది, వెచ్చటి సముద్రానికి వెళ్లాలి. రిసార్ట్‌లో దిగాలా, గెస్ట్‌హౌస్‌లోనా, రాత్రులు కూడా అందులోనే ఉండే లివ్‌అబోర్డ్ పడవ ఎక్కాలా?" ఇదీ మీరు అడిగింది. సరిగ్గా ఇదే పరిస్థితిలో నేను నా మొదటి ట్రిప్‌కి వెళ్లాను. మా ఇంట్లో డైవ్ చేసేది నేను, చేయనిది మా ఆయన, అంతే తేడా. అప్పుడు నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను ఫోటోలు చూసి గది బుక్ చేశాను. తెల్లటి ఇసుక, అద్దంలాంటి నీళ్లు, వరండా మెట్లు దిగితే సముద్రం. డైవింగ్ సంగతి వెళ్లాక చూసుకోవచ్చులే అనుకున్నాను. తీరా వెళ్తే, ఆ అద్దంలాంటి నీళ్లు నడుము లోతు దాటవు, అడుగునంతా ఇసుకే. పగడాలు, డైవ్ సెంటర్లు, పడవలు అన్నీ ద్వీపానికి అవతలి వైపు ఉన్నాయి. పొద్దున్నే 6 గంటలకు వ్యాన్ వచ్చేది. అది ఇంకో నాలుగు హోటళ్ల దగ్గర ఆగి, అందరినీ ఎక్కించుకుని రేవు చేరేసరికి గంటన్నర పట్టేది. అక్కడి నుంచి పడవలో మరో ముప్పావు గంట. మధ్యాహ్నం గదికొచ్చి పడితే మళ్లీ లేచే ఓపిక ఉండేది కాదు. మూడు రోజులు అలా తిరిగి, నాలుగో రోజు అలారం ఆపేసి పడుకున్నాను. వారం మొత్తానికి నేను చేసినవి 6 డైవ్‌లు.

తప్పు ఆ రిసార్ట్‌ది కాదు. అది బీచ్ కోసం వచ్చేవాళ్లకు కట్టింది. బీచ్ బాగుండాలంటే మెత్తటి ఇసుక, తక్కువ లోతు కావాలి. పగడం పెరగాలంటే అంటుకోవడానికి గట్టి రాయి కావాలి. ఈ రెండూ పక్కపక్కనే ఉన్న చోట్లు లేకపోలేదు, కానీ ఆ సంగతి గది ఫోటో చూస్తే తెలియదు. అందుకని ఇప్పుడు నేను ముందు ఏ సముద్రమో తేల్చుకుంటాను, తర్వాత డైవ్ సెంటర్‌ని వెతుక్కుంటాను, వాళ్ల పడవ ఎక్కడి నుంచి బయల్దేరుతుందో అడుగుతాను. ఆ రేవుకి నడిచి వెళ్లగలిగినంత దూరంలో గది చూస్తాను.

రెండోసారి బాలి ద్వీపంలో తులంబెన్‌కి వెళ్లాం. ఈశాన్య తీరంలో ఆగుంగ్ అగ్నిపర్వతం కింద ఉన్న చిన్న ఊరు. బీచ్ అంతా నల్లటి గుండ్రాళ్లు, చెప్పులు లేకుండా నడవడమే కష్టం. కానీ ఒడ్డు నుంచి నాలుగు బారలు ఈదితే లిబర్టీ అనే ఓడ ఉంది. 1942 జనవరిలో జపాన్ సబ్‌మెరైన్ టార్పెడోతో కొట్టిన అమెరికన్ సరుకు ఓడ అది. మునిగిపోకముందే లాక్కొచ్చి ఈ ఒడ్డున చేర్చారు. 1963లో ఆగుంగ్ బద్దలైనప్పుడు ఒడ్డు మీది నుంచి నీళ్లలోకి జారింది. ఇప్పుడు దాని పైభాగం సుమారు 5 మీటర్ల లోతులో ఉంటే, కింది భాగం 30 మీటర్ల దాకా ఉంది. ఓపెన్ వాటర్ కార్డు మీద 18 మీటర్ల వరకే వెళ్లాలి కాబట్టి, మీకు అందుబాటులో ఉండే భాగమే బోలెడంత.

అక్కడ మేం దిగింది మామూలు గది. కిటికీలోంచి సముద్రం కూడా కనబడదు. కానీ ఆ గది నుంచి వెట్‌సూట్ వేసుకుని నడిచి వెళ్లి సముద్రంలో దిగేదాన్ని. ట్యాంకులు ఆ ఊరి ఆడవాళ్లు తల మీద మోసుకొచ్చి ఒడ్డున పెడతారు. దక్షిణ బాలి నుంచి టూరిస్టు వ్యాన్లు వచ్చేసరికి పొద్దెక్కుతుంది. అక్కడే ఉన్నవాళ్లం తెల్లవారుతుండగానే నీళ్లలో ఉండేవాళ్లం. ఆ వేళకి, రాత్రి ఓడ దగ్గర నిద్రపోయిన బంప్‌హెడ్ పారట్‌ఫిష్‌ల గుంపు ఇంకా అక్కడే ఉంటుంది. ఒక్కోటి మీటరు పొడవు, నుదుటి మీద పెద్ద బుడిపె. మసక వెలుతురులో అవి నా పక్కనుంచి నెమ్మదిగా కదిలి వెళ్లడం నేను ఎప్పటికీ మర్చిపోలేను. 5 రోజుల్లో 12 డైవ్‌లు చేశాను, ఒక్కరోజు కూడా అలసిపోయినట్టు అనిపించలేదు.

మా ఆయన సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నలో ముఖ్యమైన సగం అదే. ఓడ పైభాగం లోతులేని చోటే ఉంది కాబట్టి ఆయన స్నార్కెల్ (నోటితో గాలి పీల్చుకునే గొట్టం) పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ చూసేవారు. కింద నేను వదిలిన బుడగలు ఆయన ముఖం దాకా వచ్చేవట. ఒకే చోట, ఒకే సముద్రంలో ఇద్దరం ఉన్నాం. అందుకే మీ ఆవిడ కోసం చూడాల్సింది స్విమ్మింగ్ పూల్ కాదు, ఒడ్డుకి దగ్గర్లో లోతు తక్కువ రీఫ్, అంటే పగడాల దిబ్బ, ఉందా లేదా అన్నది. ఆవిడకి ఎప్పుడైనా మనసైతే, కోర్సు లేకుండానే ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండి చేయించే డిస్కవర్ స్కూబా ఉంటుంది, గరిష్ఠంగా 12 మీటర్ల లోతు. కానీ ఆవిడ అంతట ఆవిడ అడిగితేనే. నీళ్లంటే భయం ఉన్నవాళ్లని బతిమాలి దింపకూడదు.

ఇక లివ్‌అబోర్డ్. దాని మీద నాకు చాలా ప్రేమ. నిద్ర లేవగానే రీఫ్ మీద ఉంటాం, రోజుకి మూడు నాలుగు డైవ్‌లు. కానీ ఇప్పుడు మీకు వద్దు. బలమైన కరెంట్లు, అంటే నీటి ప్రవాహాలు, ఉన్న చోట్లకి వెళ్లే పడవలు చాలావరకు ఓపెన్ వాటర్ తర్వాతిదైన అడ్వాన్స్‌డ్ కార్డు, 50 డైవ్‌ల అనుభవం అడుగుతాయి. ఊరికే పెట్టిన నియమం కాదది. మీ ఆవిడ కూడా వారమంతా ఆ పడవలోనే గడపాలి కదా.

మాల్దీవుల్లో 2009 తర్వాత స్థానికులుండే దీవుల్లో కూడా గెస్ట్‌హౌస్‌లు వచ్చాయి కాబట్టి రిసార్ట్ ఒక్కటే దారి కాదు. అక్కడ ఎక్కడ దిగినా "మీ హౌస్ రీఫ్ (బస ముందున్న రీఫ్) ఒడ్డు నుంచి ఎంత దూరం, ఈదుకుంటూ వెళ్లొచ్చా" అని తప్పక అడగండి. దీవుల మధ్య కాలువల్లో కరెంట్ గట్టిగా ఉంటుంది, కొత్తల్లో వాటి జోలికి పోకండి. అక్కడి బా అటాల్ అనే దీవుల సమూహంలోని హనిఫారు బేలో మాంటా రేలను (రెక్కల్లాంటివున్న పెద్ద చేపలను) చూడటానికి స్కూబా ఒప్పుకోరు, స్నార్కెల్‌తోనే దిగాలి. అంటే అక్కడ మీరూ మీ ఆవిడా సమానమే. కరీబియన్‌లో బోనేర్‌లో అసలు పడవతో పని లేకుండా, రోడ్డు పక్కన పసుపు రంగు రాయి మీద రాసిన పేరు చూసి, వాహనం ఆపి దిగిపోవచ్చు. ఒడ్డు నుంచి చేసే డైవ్‌లో తొందరపెట్టేవాళ్లు ఉండరు. మలేసియాలోని సిపదాన్ పేరు మీకు తగిలే ఉంటుంది. 2004 తర్వాత ఆ దీవి మీద రాత్రి బస లేదు, మబుల్ దీవిలోనో సెంపోర్నా ఊళ్లోనో ఉండి వెళ్లాలి. రోజుకి ఇన్ని అని పర్మిట్లు ఇస్తారు. గది బుక్ చేసినంత మాత్రాన సిపదాన్ దొరికినట్టు కాదు.

డైవ్ సెంటర్‌కి నేను ముందే ఒక మెయిల్ పెడతాను. ఒక గైడ్ వెనక ఎంతమందిని పంపుతారు, కొత్తవాళ్లనీ పాతవాళ్లనీ విడదీస్తారా, పడవలో ఎమర్జెన్సీ ఆక్సిజన్ ఉందా, డైవింగ్ వల్ల జబ్బు చేస్తే చికిత్స చేసే రీకంప్రెషన్ చాంబర్ దగ్గర్లో ఎక్కడుంది అని అడుగుతాను. జవాబుల కన్నా వాళ్లు తిరిగి ఏమడుగుతారో నాకు ముఖ్యం. మంచి సెంటర్ వెంటనే "మీరు ఇప్పటికి ఎన్ని డైవ్‌లు చేశారు, చివరిసారి ఎప్పుడు?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న రాకుండా నేరుగా ప్యాకేజీ పంపితే నేను ఇంకోచోట చూసుకుంటాను. మొదటి రోజు లోతు తక్కువ చోట మీ నైపుణ్యం చూడటానికి చెక్ డైవ్ చేయిస్తామంటే సంతోషంగా ఒప్పుకోండి. ఇంకొకటి, డైవ్ సెంటర్‌ని ఆనుకుని ఉన్న గది అయితే కంప్రెసర్ చప్పుడు వినిపిస్తుందేమో కనుక్కోండి. ట్యాంకులు నింపే ఆ మిషన్ పక్కన పడుకోవడం కష్టం.

ఆరోగ్యం విషయంలో ఒక అనుభవం చెప్తాను. ఒక ట్రిప్‌లో మా పడవ ఎక్కాల్సిన అమ్మాయి మెడికల్ ఫారంలో ఆస్తమా ఉందని నిజాయితీగా రాసింది. డాక్టర్ సంతకం లేకుండా సెంటర్ వాళ్లు తీసుకెళ్లలేదు, ఆ దీవిలో సంతకం పెట్టే డాక్టర్ లేరు. పాపం, ఆ అమ్మాయి రోజూ మమ్మల్ని ఒడ్డు నుంచే సాగనంపింది. ఆ ఫారం ముందే తెప్పించుకుని, ఏ ప్రశ్నకైనా అవును అని రాయాల్సి వస్తే బయల్దేరే ముందే డాక్టర్‌కి చూపించండి. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో డైవింగ్ ఉండకపోవచ్చు, పాలసీ చదవండి. జలుబు చేస్తే మాత్రం దిగొద్దు. 10 మీటర్లు దిగేసరికే మన మీద ఒత్తిడి రెట్టింపవుతుంది, ముక్కు మూసుకుపోయి ఉంటే చెవి తట్టుకోలేదు. అందుకే ఏడు రోజుల్లో ఒక రోజు ఖాళీ ఉంచుకోమంటాను.

చివరి రోజు ఎలాగూ ఖాళీయే. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్, అంటే డైవర్లు డాన్ అని పిలిచే సంస్థ, ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరుసగా చాలా డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కమంటుంది. డీకంప్రెషన్ స్టాప్, అంటే ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోవడానికి పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగడం, అవసరంలేని డైవ్‌ల లెక్క ఇది. నేను 24 గంటలు పాటిస్తాను. ఎత్తైన కొండ ఎక్కడమూ అలాంటిదే. తులంబెన్‌లో చాలామందికి పొద్దున డైవ్ చేసి సాయంత్రం అగ్నిపర్వతం మీదికి బయల్దేరాలని ఉంటుంది, ఆ పని చేయకండి. ప్రయాణం రోజు, చివరి రోజు, ఆ ఖాళీ రోజు తీసేస్తే మీకు మిగిలేవి నాలుగు రోజులు. అందుకని ఒకే చోట ఉండండి. రెండు దీవులు కలపాలనుకుంటే ఇంకో రోజు పెట్టె సర్దుకోవడానికే పోతుంది.

నేను మీ స్థానంలో ఉంటే తులంబెన్ లాంటి ఒడ్డు డైవింగ్ ఊళ్లో చిన్న గెస్ట్‌హౌస్ చూసుకుంటాను, రోజుకి రెండు డైవ్‌లు, అంతకు మించి వద్దు. ఏ నెలలో వెళ్తున్నారో మీరు రాయలేదు. థాయ్‌లాండ్‌లో సిమిలాన్ దీవులు మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య వరకు మూసేస్తారు, అట్లాంటిక్‌లో తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా, అయితే బోనేర్ ఆ తుపానుల దారికి దక్షిణంగా ఉంటుంది. నెల చెప్పండి, మీ ఆవిడకి ఈత వచ్చో రాదో కూడా రాయండి. దాన్నిబట్టి ఎక్కడ దిగితే బాగుంటుందో ఇంకాస్త కచ్చితంగా చెప్తాను.