వార్డులోకి బీడీ పొగ.. ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: మా నాన్నకు 66 ఏళ్లు. సీఓపీడీతో (ఊపిరి గొట్టాలు బిగుసుకుపోయే దీర్ఘకాలిక జబ్బు) పది రోజులుగా ఆసుపత్రిలో ఉన్నారు. వార్డు పక్క బాత్రూమ్‌లో రోగుల తాలూకువాళ్లు బీడీలు, సిగరెట్లు తాగుతుంటే పొగంతా లోపలికి వస్తోంది. నర్సులకు చెబితే ‘ఎవరు వింటారండీ’ అంటున్నారు. నాన్న కూడా రెండుసార్లు ఆక్సిజన్ పైపు తీసేసి వెళ్లి బీడీ తాగొచ్చారు. ఎవరికి ఫిర్యాదు చేయాలి? నాకూ రెండు నెలలుగా దగ్గు. మెడికల్ షాపులో సిరప్ తెచ్చుకుని తాగుతున్నా తగ్గట్లేదు. ఈ పొగ వల్లేనా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: ఫిర్యాదు సంగతి తర్వాత. ఆక్సిజన్ పైపు తీసి బీడీ తాగొచ్చారని మీరు ఒక్క ముక్కలో దాటేశారు, నాకు టెన్షన్ అక్కడే. ఆక్సిజన్ తనంతట తాను మండదు కానీ పక్కనున్నదాన్ని భగ్గుమనిపిస్తుంది. పైపు తీసినా చొక్కాలో, దుప్పటిలో, గడ్డంలో కాసేపు ఉంటుంది. అప్పుడు అగ్గిపుల్ల గీస్తే ముఖం కాలొచ్చు, మంచమూ అంటుకోవచ్చు. అగ్గిపెట్టె ఇవాళే తీసేయండి. బీడీ ఎవరు తెచ్చిస్తున్నారో కూడా కనుక్కోండి. చాలాసార్లు ఇంట్లోవాళ్లే ‘పాపం, గిలగిల్లాడిపోతున్నాడు’ అని తెచ్చిస్తారు.

ఆ గిలగిలకు మందులున్నాయి. రోజుకు ఎన్ని బీడీలు తాగేవారో డ్యూటీ డాక్టరుకు దాచకుండా చెబితే, నికోటిన్ గమ్ గానీ ప్యాచ్ గానీ ఆయనకు సరిపడుతుందేమో చూస్తారు. దాచకూడదని ఎందుకంటున్నానంటే, ఆయాసానికి వాడే డెరిఫిలిన్, థియోఫిలిన్ లాంటి మందులు పొగతాగేవాళ్ల ఒంట్లో త్వరగా ఖర్చయిపోతాయి. పొగ ఆగాక అదే డోసు ఎక్కువై గుండెదడ, వాంతులు రావచ్చు. అలా అయితే ‘ఈ మందు పడలేదు’ అని మీరే ఆపేయకుండా డాక్టరుకు చెప్పండి. అలాగే ఆయాసపడుతున్నారని ఆక్సిజన్ నాబ్ మీ చేత్తో తిప్పకండి. సీఓపీడీలో ఎక్కువ ఆక్సిజన్ కూడా చేటే. సాధారణంగా శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ స్థాయి, 88 నుంచి 92 శాతం మధ్య ఉంటే చాలనుకుంటాం. ఆయనకు ఎంత కావాలన్నది చూస్తున్న డాక్టరే చెప్పాలి.

పక్కవాళ్ల పొగతోనూ ఆయాసం పెరుగుతుంది. మందును పొగమంచులా పీల్పించే నెబ్యులైజర్‌తో మేం తెరిచిన ఊపిరి గొట్టాలను అది మళ్లీ బిగిస్తుంది. వీలైతే బాత్రూమ్‌కు దూరంగా బెడ్ మార్చమని అడగండి.

ఇక ఫిర్యాదు. 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం ఆసుపత్రి భవనంలో పొగతాగడం నేరం, రూ.200 వరకు జరిమానా. 2008 అక్టోబరు 2న అమల్లోకి వచ్చిన నిబంధనల్లో విమానాశ్రయాలకు, 30 లేదా అంతకన్నా ఎక్కువ గదులున్న హోటళ్లకు స్మోకింగ్ గది పెట్టుకునే వీలుంది. ఆసుపత్రికి అదీ లేదు. గుమ్మం దగ్గరి బోర్డు మీద ఫిర్యాదు ఎవరికి చేయాలో పేరుండాలి. లేకపోతే సూపరింటెండెంట్‌కు కాగితం మీద రాసివ్వండి. ఫిర్యాదు అందాక పట్టించుకోకపోతే బాధ్యులకూ జరిమానా పడుతుంది. నర్సుల మీద మాత్రం విరుచుకుపడకండి, రాత్రిపూట వార్డంతటికీ ఒక్కరే ఉంటారు. జనరేటర్ గది వెనక్కి వెళ్లి తాగొచ్చేవాళ్లు మా డాక్టర్లలోనూ ఉన్నారు, ఒప్పుకుంటాను.

మీ దగ్గు రెండు నెలలది, వార్డులో పొగ పది రోజులది. లెక్క కుదరడం లేదు కదా! రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించాలని ఎన్నిసార్లు రాసినా, ముందు సిరప్, తర్వాత ఇంకో సిరప్, ఆ తర్వాతే డాక్టర్. టీబీ కావచ్చు, ఆస్తమా కావచ్చు, బీపీకి రామిప్రిల్, ఎనాలాప్రిల్ లాంటివి వాడుతుంటే వాటి వల్లా కావచ్చు. చూడకుండా ఏదీ తేల్చి చెప్పలేను. మీరు పొగతాగుతారో లేదో రాయలేదు, ఏ సిరప్పో కూడా రాయలేదు. కొన్ని దగ్గును అణిచిపెడతాయంతే, జబ్బు లోపల పెరుగుతూనే ఉంటుంది. బరువు తగ్గినా, సాయంత్రాలు జ్వరం వస్తున్నా, కళ్లెలో రక్తపు చార కనిపించినా ఒక్క రోజు కూడా ఆగకండి. ఏమీ లేకపోయినా పరీక్ష తప్పదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే చేస్తారు. ఫలితం వచ్చేదాకా నాన్నగారి మంచం దగ్గర మాస్కు తీయకండి. ఓపీకి వెళ్లేటప్పుడు ఆ సిరప్ సీసా కూడా పట్టుకెళ్లండి.