టికెట్ మీద గంటంపావు, గుమ్మం నుంచి గుమ్మానికి ఆరు గంటలు

చిరంజీవి శిరీషకు, బాబాయి ఆశీస్సులు.

శనివారం పదిన్నర ముహూర్తానికి అదే రోజు పొద్దున్న ఏడింటి విమానం ఎక్కుతానన్నావట. వద్దమ్మా. టికెట్ మీద కనిపించే గంటంపావు విమానం లెక్క, నీ ప్రయాణం లెక్క కాదు.

బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి నుంచి బెజవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికి గాలిలో తిన్నగా గీత గీస్తే దాదాపు 500 కిలోమీటర్లు. ఊళ్లు ఉత్తర దక్షిణాలుగా ఉంటే ఇలాంటి దూరం నువ్వే కట్టుకోవచ్చు. అక్షాంశం ఒక డిగ్రీకి 111 కిలోమీటర్లు. ఉదాహరణకు ఢిల్లీ, బెంగళూరు ఇంచుమించు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. అక్షాంశాల తేడా 15.4 డిగ్రీలు, అంటే దాదాపు 1,700 కిలోమీటర్లు.

దూరాన్ని వేగంతో భాగించి ఊరుకుంటే మాత్రం తప్పుతుంది. ఎయిర్‌బస్ పైకి వెళ్లాక గంటకు 830 దాకా పోతుంది. ఆ లెక్కన గన్నవరం 36 నిమిషాలే. విమానం రన్‌వే దాకా వెళ్లడం, అక్కడ వరుసలో ఆగడం, గాలిలో పైకి ఎక్కడం, కిందికి దిగడం అన్నిటికీ ఇంకో అరగంట పైనే కలుపు. రెక్కలకు పంకాలు తిరిగే ఏటీఆర్ అయితే వేగం 500 లోపే, గంటన్నర పైన పడుతుంది. బుక్ చేసేటప్పుడు ఏ విమానమో రాసి ఉంటుంది, చూసుకో.

ఇక వెనక నుంచి లెక్కపెట్టు. ఏడింటి విమానానికి గేటు 6:35కు మూస్తారు. సామాను కౌంటరు ఆరింటికే మూస్తారు. వరుసలు ఉంటాయి కాబట్టి ఐదుంబావుకు టెర్మినల్లో ఉండాలి. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి వాయువజ్ర బస్సయినా కారయినా మూడున్నరకే కదలాలి. టెర్మినల్ 1కా 2కా అన్నది బయలుదేరే ముందే టికెట్లో చూడు. ఎనిమిదుంబావుకు దిగినా, పెట్టె చేతికొచ్చి గన్నవరం నుంచి బెజవాడలో మండపానికి చేరేసరికి తొమ్మిదిన్నర. అన్నీ సవ్యంగా జరిగితేనే సుమా.

చలికాలంలో అలా జరగదు. దేవనహళ్లిలో తెల్లవారుజామున పొగమంచు దిగుతుంది, గన్నవరంలోనూ అంతే. రన్‌వే కనిపించకపోతే విమానం గాలిలో చుట్లు కొడుతుంది, లేదా హైదరాబాదుకు మళ్లుతుంది. ముహూర్తం ఆగదు కదా.

హైదరాబాదులో మారే టికెట్ చవగ్గా కనిపిస్తుంది. గాలిలో దూరం 720 అవుతుంది, అది పెద్ద బాధ కాదు. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్, అంటే ఒకే బుకింగ్ నంబరు మీద ఉన్నాయా అన్నదే ముఖ్యం. విడివిడి టికెట్లయితే అక్కడ పెట్టె తీసుకుని మళ్లీ కౌంటర్లో ఇవ్వాలి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే డబ్బు పోయినట్టే. తప్పనిసరైతే నడుమ మూడు గంటలు ఉంచుకో.

కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం విమానం తీసుకో. సాయంత్రానిదైతే ఆఫీసులు వదిలే వేళకు సిల్క్ బోర్డు దగ్గరా, హెబ్బాళ దగ్గరా ఇరుక్కుంటావు. రోడ్డుకే మూడు గంటలు చూసుకోవాలి. టికెట్ తీసుకోగానే వేళ చెప్పు, గన్నవరానికి కారు పంపిస్తాను.

మీ బాబాయి