గంట కొట్టాక మైకు ఎవరికి?

(క్లబ్బు కబుర్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు. జవాబులిచ్చేది ఒక రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు. హైదరాబాద్‌లోని ఒక సేవా క్లబ్బులో పాతికేళ్లకు పైగా సభ్యురాలు. రెండుసార్లు సెక్రటరీగా, ఒకసారి ప్రెసిడెంటుగా చేశారు.)

ప్రశ్న: ఈ జులైలో మా క్లబ్బుకు సెక్రటరీనయ్యాను. కాగితం మీద 42 మందిమి. ఇన్‌స్టలేషన్‌కి, అంటే కొత్త కార్యవర్గం ప్రమాణ స్వీకారానికి, అందరూ కుటుంబాలతో వచ్చారు. గెస్ట్ స్పీకర్‌ని పిలిచిన మీటింగులకు మాత్రం పదకొండు మందో పన్నెండు మందో. వచ్చినవాళ్ల చూపూ భోజనాల హాలు వైపే. పోయిన నెల వచ్చిన డాక్టర్ గారి ముందు నాకు తల కొట్టేసినట్టయింది. ఏం చెయ్యమంటారు? (కొత్త సెక్రటరీ, కూకట్‌పల్లి)

జవాబు: బాబూ, ఒక సంగతి మీరు రాయలేదు. ఆ డాక్టర్ గారి చేతికి మైకు ఎన్ని గంటలకు అందింది? నేనే చెబుతాను చూడండి. వాట్సాప్‌లో ఏడున్నర అని పెట్టారు. ఎనిమిదింపావుకి ప్రెసిడెంటు గారు మీటింగు మొదలైనట్టు గంట కొట్టారు. తొమ్మిది దాటాక డాక్టర్ గారు లేచారు. పది నిమిషాలు అటూ ఇటూ అంతేగా? ఈ జబ్బు మీ ఒక్క క్లబ్బుదే కాదు.

నేను ప్రోగ్రాములు చూసుకున్న మొదటి ఏడాది సంగతి. హిమాయత్‌నగర్‌లో ఒక హోటల్ మేడ మీద హాలు. నేత్రదానం గురించి చెప్పమని ఒక ఐ బ్యాంకు కౌన్సెలర్‌ని పిలిచాను. ముప్పై ఏళ్లుండవు. ఉప్పల్ నుంచి రెండు బస్సులు మారి ఏడుంపావుకే వచ్చి మూల కుర్చీలో కూర్చుంది. ముఖ్య అతిథి గారు వేరే. ఆయన ఎనిమిదిన్నరకు వచ్చారు. ఇక మొదలు: జ్యోతి, ప్రార్థన, బొకేలు, పుట్టినరోజులు, పెళ్లిరోజులు, కిందటి మీటింగు మినిట్స్. ముఖ్య అతిథి గారి బయోడేటా రెండు పేజీలు. మా సభ్యుడొకాయన దాన్ని పదో తరగతి మార్కులతో సహా చదివారు. ఆ అమ్మాయి చేతికి మైకు వచ్చేసరికి తొమ్మిదీ పది. పక్క హాల్లో గిన్నెల మూతలు తీస్తున్న చప్పుడు, మిర్చీ కా సాలన్ వాసన. ప్రెసిడెంటు గారు నా వైపు వంగి, "ఐదు నిమిషాల్లో కానిచ్చెయ్యమనండి" అన్నారు.

ఆమె విన్నది. రాసుకొచ్చిన కాగితాలు నాలుగు మడతలు పెట్టి బ్యాగులో పెట్టేసుకుంది. "మీ ఇంట్లో ఎవరైనా పోతే ఆరు గంటల్లోపు మాకు ఫోన్ చెయ్యండి. మేము వచ్చేలోపు కళ్లు మూసి, తడిపిన దూది పెట్టండి. తల కింద దిండు పెట్టండి. ఫ్యాను మాత్రం ఆపెయ్యండి, కళ్లు ఆరిపోతాయి" అంది. తన నెంబరు రెండుసార్లు చెప్పింది. కూర్చుంది. ఐదు నిమిషాలు కూడా కాలేదు.

నాలుగు నెలల తర్వాత ఒక రాత్రి రెండింటికి మా ఇంట్లో ఫోన్ మోగింది. మా సభ్యుడే. "మేడమ్, నాన్నగారు పోయారు. ఫ్యాను ఆపేశాను. ఆవిడ నెంబరు మీ దగ్గరుందా?"

ఆ రోజు ముఖ్య అతిథి గారు అరగంట మాట్లాడారు. ఏం మాట్లాడారో మా వాళ్లలో ఒక్కరికీ గుర్తు లేదు. నాకూ లేదు.

అందుకని మీరు చెయ్యాల్సిన మొదటి పని ఎజెండాను తిరగెయ్యడం. గంట కొట్టగానే స్పీకర్‌కు మైకు ఇవ్వండి. ఇరవై నిమిషాలు మాట, పది నిమిషాలు ప్రశ్నలు. పుట్టినరోజులు, కోటుకు పిన్ను గుచ్చడాలు, సన్మానాలు, మినిట్స్ అన్నీ ఆ తర్వాత. కేకు ఎక్కడికీ పోదు. పరిచయం నాలుగు వాక్యాలకు మించకూడదని ముందే చెప్పెయ్యండి. రెండు నెలలు ఇలా నడిపితే ఎనిమిదింటికి వచ్చేవాళ్లు ఏడున్నరకు రావడం మొదలుపెడతారు. ఒకరిద్దరు పెద్దలు అలుగుతారు. అలగనివ్వండి, డిన్నర్‌కి ఉంటారు కదా.

రెండోది, పిలిచేటప్పుడే "చివర్లో మా వాళ్లను ఏదైనా ఒక పని అడగండి" అని స్పీకర్‌కు చెప్పండి. 1925లో అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్ దగ్గర లయన్స్ క్లబ్బుల మహాసభ జరిగింది. అప్పటికి ఆ సంస్థ వయసు ఎనిమిదేళ్లు. హెలెన్ కెల్లర్‌ని అతిథిగా పిలిచారు. చూపూ వినికిడీ రెండూ లేని ఆ మనిషి వచ్చి, చీకటి మీద పోరాటంలో చూపులేని వాళ్ల పక్షాన యోధులుగా నిలబడమని అడిగింది. ఉపన్యాసం చెప్పి ఊరుకోలేదు, అడిగింది. ఇవాళ మన ఊళ్లలో లయన్స్ బోర్డు కనిపించగానే కంటి శిబిరం గుర్తొస్తుందంటే దాని మూలం అక్కడుంది.

ఇక ఎవరిని పిలవాలంటారా? గుండె డాక్టరు, షుగరు డాక్టరు, మోటివేషన్ స్పీకరు, మళ్లీ గుండె డాక్టరు. ఇదేగా ఇప్పుడు మీ వరస? హైదరాబాద్‌లో ఉండి మాటకు కరువేమిటి? ఆగస్టు 20 దగ్గరికి రాగానే దోమల మీద పెట్టండి. 1897లో ఆ రోజునే రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. ఆ కథ చెప్పడానికి ఒకరిని, మీ పేటలో దోమల మందు కొట్టే మనిషిని ఒకరిని, ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టండి. ఆ రెండో ఆయనకు ఏ అపార్ట్‌మెంటు సెల్లార్లో నీళ్లు నిలుస్తాయో తెలుసు. మీ ప్రెసిడెంటు గారి అపార్ట్‌మెంటుతో సహా.

సెప్టెంబర్ 28కి మూసీ. 1908లో ఆ రోజు వరద ఊరిని ముంచితే, అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆ తర్వాతే ఇంజినీరు విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి, మళ్లీ వరద రాకుండా ఏం చెయ్యాలో సలహా అడిగారు. గండిపేట చెరువు 1920లో, హిమాయత్ సాగర్ 1927లో వచ్చాయి. ఒక రిటైర్డ్ నీటిపారుదల ఇంజినీరు దొరికితే చాలు, మీవాళ్లు సాలన్ చల్లారిపోతున్నా కదలరు.

అన్నిటికన్నా తేలిక, మీ సభ్యులనే మాట్లాడించడం. రోటరీ మొదలైందే అలా. 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు, ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజినీరు, ఒక దర్జీ కలిసి కూర్చున్నారు. ఒక్కో వారం ఒక్కొక్కరి ఆఫీసులో, రొటేషన్ పద్ధతిలో, కలిసేవారు కాబట్టే రోటరీ అన్న పేరు. మా క్లబ్బులో లిఫ్టుల మెయింటెనెన్స్ చేసే సభ్యుడున్నాడు. పదేళ్లలో ఒక్కసారీ మైకు పట్టలేదు. బలవంతంగా నిలబెట్టాం. "కరెంటు పోయి లిఫ్టు ఆగితే ఊపిరాడదని భయపడకండి, గాలి వస్తుంది. తలుపులు మాత్రం చేత్తో లాగకండి. ప్రమాదాలు ఆగిన లిఫ్టువల్ల కాదు, అందులోంచి దూకబోయినవాళ్ల తొందరవల్ల" అని మొదలుపెట్టాడు. ఆ రాత్రి ప్రశ్నలే నలభై నిమిషాలు నడిచాయి. చివరికి క్యాటరింగ్ కుర్రాడు కూడా ఒకటి అడిగాడు.

ప్రశ్న: మా వారు క్లబ్బులో చేరి మూడేళ్లయింది. నెలకు రెండు డిన్నర్లు, ఏడాదికి డ్యూస్ (సభ్యత్వ రుసుము), పైన ప్రాజెక్టుల చందాలు. ఇది సేవా, దావతా? ఇప్పుడు నన్ను కూడా చేరమంటున్నారు. (గృహిణి, నల్లకుంట)

జవాబు: రెండూనమ్మా. దావత్ లేకపోతే సగం మంది రారు, సేవ లేకపోతే మిగతా సగం మానేస్తారు. మీ వారిని ఒకటే అడగండి: డిన్నర్ల డబ్బుకూ ప్రాజెక్టుల డబ్బుకూ బ్యాంకులో వేరే వేరే ఖాతాలున్నాయా? సభ్యుల డ్యూస్‌తో భోజనాలు చేసుకోవచ్చు. కళ్లద్దాల కోసం బయటివాళ్లిచ్చిన రూపాయి మాత్రం భోజనాల పళ్లెంలోకి రాకూడదు. "ఒకే ఖాతా, నోట్‌బుక్‌లో వేరుగా రాసుకుంటాం" అంటే ట్రెజరర్‌ని కాఫీకి పిలిచి మీరే కూర్చోబెట్టండి.

సేవ జరగదని మాత్రం అనను. 1995లో పల్స్ పోలియో మొదలైనప్పటి నుంచి ఆదివారాలు బూత్‌ల దగ్గర కూర్చున్నవాళ్లలో రోటరీవాళ్లు, ఇతర క్లబ్బులవాళ్లు ఎందరో. నేను బాగ్‌లింగంపల్లి బూత్‌లో కూర్చునేదాన్ని. చుక్కలు వెయ్యగానే పిల్లల ఎడమ చిటికెన వేలి గోరు మీద మార్కరుతో గీత గియ్యడం నా పని. సాయంత్రానికి నా వేళ్లన్నీ నల్లగా అయ్యేవి. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో వచ్చింది. ఆ తర్వాత మూడేళ్లకు 2014 మార్చిలో మనకు పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ రోజు నేను ఎవరికీ చెప్పకుండా పావుకిలో బాదుషా కొనుక్కుని తిన్నాను.

చేరితే సభ్యురాలిగా చేరండి, ఫలానావారి మిసెస్‌గా కాదు. లయన్స్ ఆడవాళ్లను సభ్యులుగా తీసుకోవడం మొదలుపెట్టింది 1987లో. రోటరీ, అమెరికా సుప్రీంకోర్టు తీర్పయ్యాక 1989లో ప్రపంచమంతటా తలుపు తీసింది. తలుపు తీసినా లోపలికెళ్లాక చేతిలో పెట్టేది పళ్లెమే. నాకు మొదటి మీటింగులో ముగ్గు, రెండో మీటింగులో హారతి అప్పగించారు. మూడోసారి లెక్కల పుస్తకం ఇమ్మని నేనే అడిగాను. ఆ ఏడాది రెండుచోట్ల కూడిక తప్పు దొరికింది. ఆ తర్వాత ముగ్గు ఎవరూ అడగలేదు.

ప్రశ్న: మా క్లబ్బు బులెటిన్‌కి ఎడిటర్ని. ఏ వార్త రాసినా "ఘనంగా జరిగింది"తోనే ముగుస్తోంది. ఎవరూ చదవరు, ఫొటోల్లో వాళ్లను వాళ్లు వెతుక్కుంటారు. (మల్కాజ్‌గిరి)

జవాబు: "ఘనంగా" అనే మాటకు ఏడాదిపాటు తాళం వెయ్యండి. "విచ్చేసి", "ప్రసంగిస్తూ" కూడా అదే బీరువాలో పెట్టెయ్యండి. మేం మొదట ఇలా వేశాం: "ప్రభుత్వ పాఠశాలలో కంటి పరీక్షల శిబిరం ఘనంగా జరిగింది. అధ్యక్షులు, కార్యదర్శి, పలువురు సభ్యులు పాల్గొన్నారు." మా ఎడిటర్ దాన్ని చింపేసి మళ్లీ రాసింది: "212 మంది పిల్లల చూపు పరీక్షించాం. 19 మందికి అద్దాలు కావాలి. అందులో ఏడో తరగతి అమ్మాయి ఒకతె బోర్డు కనపడక ఏడాదిగా పక్కమ్మాయి నోట్సు చూసి రాసుకుంటోంది. అద్దాలు ఇచ్చిన రోజు నలుగురు బడికి రాలేదు. ఆ నాలుగు జతలూ హెడ్మాస్టర్ గారి టేబులు సొరుగులో ఉన్నాయి. ఎవరైనా వెళ్లి ఇచ్చి రావాలి."

చివరి వాక్యం చదివి ముగ్గురు ఫోన్ చేశారు. గెస్ట్ స్పీకర్ల వార్తలూ అంతే. ఆయన డిగ్రీలు కాదు, ఆయన చెప్పినవాటిలో ఇంటికెళ్లి భార్యకో భర్తకో చెప్పదగ్గ ముక్క ఒకటి వెయ్యండి. అలాంటిది దొరక్కపోతే ఫొటో చాలు.

ప్రశ్న: లయన్స్‌లో టెయిల్ ట్విస్టర్ అనే పదవి నిజంగా ఉందా, ఎవరైనా నన్ను ఆటపట్టిస్తున్నారా? (కొత్త సభ్యుడు, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: ఉంది. తోక మెలిపెట్టేవాడన్నమాట. మీటింగు నిద్రపోకుండా చూడటం, సరదాగా చిన్న చిన్న జరిమానాలు వెయ్యడం ఆయన పని. ఆలస్యంగా వస్తే పది, ఫోన్ మోగితే ఇరవై, ఇలా. ఆయన మీద తిరిగి జరిమానా వెయ్యాలంటే వచ్చిన సభ్యులందరూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. ఆ పదవి ఇస్తానంటే వదులుకోకండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ సైన్సు టీచర్ని. క్లబ్బులు మాట్లాడమని పిలుస్తుంటాయి. మాట్లాడటం నాకిష్టమే. కానీ రానూపోనూ ఆటోకే ఆరు వందలవుతోంది. ఇంట్లో 31 శాలువాలున్నాయి. ఛార్జీలు అడగడానికి మొహమాటం. అడగొచ్చా? (వనస్థలిపురం)

జవాబు: అడగండి మాస్టారూ. స్టేజి దిగాక కాదు, పిలుపు వచ్చినప్పుడే. "వస్తాను, ఎవరినైనా కారు పంపమనండి" అంటే చాలు. నలభై కార్లున్న క్లబ్బులో ఒకటి ఎల్బీనగర్ మీదుగా రాలేదా? కుదరదంటే "ఆటో ఖర్చు ఇప్పించండి" అనండి. దానికి నొచ్చుకునే క్లబ్బుకు మీరు వెళ్లకపోయినా నష్టం లేదు. ఇది చదువుతున్న సెక్రటరీలకు కూడా చెబుతున్నాను: బొకే మానేసి ఆ డబ్బు కవరులో పెట్టండి. బొకే ఎలాగూ మీ స్టేజి మీదే ఉండిపోతుంది, పాపం ఆయన ఆటోలో మోసుకెళ్లలేక.

శాలువాల సంగతి. డిసెంబర్‌లో పెద్దాసుపత్రుల గేట్ల బయట, లోపలున్న రోగుల తాలూకు మనుషులు ఫుట్‌పాత్ మీద పడుకుంటారు. నేను ఏటా నావీ, మా క్లబ్బులో నలుగురివీ పోగేసి రాత్రి పదింటికి తీసుకెళ్తాను. జరీ అంచు చూసి ఒక ముసలామె "పెండ్లిదా బిడ్డా ఇది?" అని అడిగింది. కాదు, ట్రాఫిక్ మీద మాట్లాడితే ఇచ్చారు అన్నాను. మీ 31 నాకు పంపండి, పత్రిక ఆఫీసులో ఇస్తే చేరుతాయి.

మెమెంటోలు మాత్రం పంపకండి. మా అటక మీదే తొమ్మిదున్నాయి, నా పేరు మూడు రకాల స్పెల్లింగులతో.