హాల్లో కేబుల్ ఉండనివ్వండి, మేడమీద బాక్స్ ఇచ్చేయండి

ప్రశ్న: సార్, మాది చిత్తూరు కొంగారెడ్డిపల్లె. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, మా ఆయనకు జిరాక్స్ షాపు ఉంది. ఇంట్లో మేమిద్దరం, ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి, మా అత్త. కింద హాల్లో పాత టీవీకి కేబుల్ నెలకు 350 రూపాయలు, మేడమీద స్మార్ట్ టీవీకి రెండో బాక్స్ 250. వైఫైకి జీఎస్టీతో కలిపి 471. ఇవి కాక నెట్‌ఫ్లిక్స్ నెలకు 199, హాట్‌స్టార్ మూడు నెలలకు 499, ప్రైమ్ ఏడాదికి 1,499, జీ5, ఆహా రెండూ కలిపి ఏడాదికి 1,400 దాకా అవుతున్నాయి. మా ఇద్దరి ఫోన్లకు 349 చొప్పున, అత్త ఫోన్‌కు 299 రీచార్జ్. కేబుల్ పూర్తిగా తీసేస్తే నెలకు 600 మిగులుతుంది, అన్నీ ఓటీటీలోనే చూసుకోవచ్చని మా ఆయన అంటున్నారు. లేదంటే ఓటీటీలు ఉచితంగా వచ్చే 999 వైఫై ప్లాన్‌కు మారదామంటారు. అత్త మాత్రం నా టీవీ జోలికి రావద్దని భీష్మించుకుని కూర్చుంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఈ విషయంలో నా ఓటు మీ అత్తగారికే. పెద్దావిడ అని కాదు, లెక్క వేసి చూశాకే చెబుతున్నా.

ముందు మీ ఇంటి మొత్తం ఖర్చు చూద్దాం. రెండు కేబుల్ బాక్సులకు ఏడాదికి 7,200. వైఫైకి 5,652. నెట్‌ఫ్లిక్స్ 2,388, హాట్‌స్టార్ నాలుగుసార్లు కడితే 1,996, ప్రైమ్ 1,499, జీ5, ఆహా 1,400. ఇక్కడికి 20,135 అయింది. ఫోన్ల దగ్గర చాలామంది పొరబడతారు. రీచార్జ్ 28 రోజులకే అయిపోతుంది కాబట్టి ఏడాదికి 12 కాదు, 13 సార్లు చేయించాలి. ఆ ప్రకారం మీ ఇద్దరివి 9,074, అత్తగారిది 3,887. అన్నీ కలిపితే 33,096 రూపాయలు. ఇందులో మీ వారి కన్ను పడింది 7,200 మీద మాత్రమే. మిగతా దాదాపు 26 వేల సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

ఇప్పుడు అత్తగారి టీవీ దగ్గరికి వద్దాం. ఆమె ఏమేం చూస్తారో మీరు రాయలేదు కానీ, చిత్తూరు ఇళ్లలో అది ఊహించడం కష్టం కాదు. తమిళనాడులోని కాట్పాడి, వేలూరు పక్కనే. తెలుగు సీరియల్ అయ్యాక తమిళ సీరియల్ పెట్టే ఇళ్లు వీధికి నాలుగైనా ఉంటాయి. కేబుల్లో ఇవన్నీ ఒకే రిమోట్‌లో, ఒకే బిల్లులో వస్తాయి. ఓటీటీకి వెళితే ఆ ఛానళ్లు కంపెనీల వారీగా విడిపోతాయి. స్టార్ మా, విజయ్ టీవీ కావాలంటే హాట్‌స్టార్. జెమిని, సన్ టీవీ కావాలంటే సన్ నెక్స్ట్. జీ తెలుగుకు జీ5. ఈటీవీకి ఈటీవీ విన్. వార్తలు మాత్రం యూట్యూబ్‌లో లైవ్‌గా ఉచితంగానే వస్తాయి. తిరుమల దేవస్థానం వారి ఎస్వీబీసీ ఛానల్ కూడా యూట్యూబ్‌లో ఉంది కాబట్టి మధ్యాహ్నం కల్యాణోత్సవానికీ, బ్రహ్మోత్సవాల వాహన సేవలకూ ఇబ్బంది లేదు. చిక్కంతా సీరియళ్ల దగ్గరే.

హాట్‌స్టార్, జీ5 మీకు ఎలాగూ ఉన్నాయి కదా, మిగతా రెండు యాప్‌లు తీసుకుంటే సరిపోతుంది కదా అని మీ వారు అనవచ్చు. నిజమే. ఆ రెండింటికీ కలిపి ఏడాదికి వెయ్యి వేసుకుందాం. హాల్లో పాత టీవీలో యాప్‌లు రావాలంటే వెనక గుచ్చే స్ట్రీమింగ్ స్టిక్ కొనాలి, దానికో మూడు వేలు. టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఉందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే టీవీయే మార్చాల్సి వస్తుంది. అంటే 7,200లో మొదటి ఏడాది మీకు మిగిలేది మూడు వేల చిల్లర.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఓటీటీకి ఉన్న అసలు సుఖం ఏమిటంటే, చూడని నెలలో కట్టకుండా ఉండొచ్చు. అత్తగారి సీరియల్ సోమవారం నుంచి శనివారం దాకా రోజూ వస్తుంది. ఒకసారి ఆమె హాట్‌స్టార్, జీ5 మీద ఆధారపడ్డాక ఏ నెలలోనూ వాటిని ఆపలేరు. రేటు పెంచినా నోరు మూసుకుని కట్టాల్సిందే. ప్రైమ్ 2021 డిసెంబరులో 999 నుంచి ఒకేసారి 1,499కి పెరిగింది గుర్తుందా? 2025 జూన్ నుంచి అందులో ప్రకటనలు కూడా వేస్తున్నారు, అవి వద్దంటే ఏడాదికి ఇంకో 699 కట్టమన్నారు. హాల్లో ఒక కేబుల్ ఉంటే రోజువారీ చూసేదంతా దాని మీద నడుస్తుంది, ఓటీటీలను మీ ఇష్టం వచ్చినప్పుడు తీసుకోవచ్చు, ఇష్టం లేనప్పుడు ఆపేయొచ్చు.

కాబట్టి హాల్లో కేబుల్ ఉండనివ్వండి. మేడమీద బాక్స్ మాత్రం తిరిగి ఇచ్చేయండి. అది ఎందుకు పెట్టించారో నాకు తెలుసనుకుంటా. ఐపీఎల్ మ్యాచ్ రాత్రి ఏడున్నరకు మొదలవుతుంది, సరిగ్గా అదే టైముకు కింద సీరియల్. ఇంట్లో గొడవ ఎందుకని మేడమీద 250 రూపాయల శాంతి ఒప్పందం చేసుకున్నారు. కానీ మేడమీదిది స్మార్ట్ టీవీ, వైఫై ఉంది, హాట్‌స్టార్ ఉంది. ఆ బాక్స్‌తో పనేముంది? ఇక్కడే 3,000 మిగిలాయి. మీ 30 ఎంబీపీఎస్ వైఫై సరిపోదేమో అన్న అనుమానం అక్కర్లేదు. ఫుల్ హెచ్‌డీ వీడియోకు 5 ఎంబీపీఎస్ చాలు.

హాల్లో 350 కూడా కొంత తగ్గించొచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు 2019లో అమల్లోకి వచ్చినప్పటి నుంచి మనకు కావలసిన ఛానళ్లను విడిగా ఎంచుకునే హక్కు ఉంది. ఛానళ్ల ధర కాక కనెక్షన్‌కు కట్టే బేస్ చార్జీ 130 రూపాయలకు మించకూడదన్న పరిమితిని 2024 జూలైలో ఎత్తేశారు కాబట్టి ఇప్పుడు అది ఆపరేటర్‌ను బట్టి ఉంటుంది. అయినా అడిగితే పోయేదేం లేదు. అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె చూసే ఛానళ్లు ఒక కాగితం మీద రాయండి. ఎంత రాసినా పదిహేను దాటవు. మీ ప్యాక్‌లో హిందీ సినిమా ఛానళ్లు, ఎవరూ చూడని హెచ్‌డీ ఛానళ్లు ఉంటే తీయించండి. నెలకు 50 తగ్గినా ఏడాదికి 600. దీన్ని మాత్రం నేను లెక్కలో కలపడం లేదు, వస్తే అదనం అనుకోండి.

ఇక ఓటీటీలు. నాలుగైదు యాప్‌లకు పన్నెండు నెలలూ కట్టడం అనవసరం. స్కూలు నడిచే రోజుల్లో మీ అమ్మాయికీ మీకూ నెట్‌ఫ్లిక్స్ చూసే తీరిక ఎక్కడిది? వేసవి సెలవుల్లో రెండు నెలలు, దసరాకు ఒక నెల, సంక్రాంతికి ఒక నెల తీసుకోండి. నాలుగు నెలలకు 796 అవుతుంది, 1,592 మిగులుతుంది. అన్నట్టు 149 ప్లాన్ చూసి ఆశపడకండి, అది ఫోన్లో, ట్యాబ్‌లో తప్ప టీవీలో రాదు.

హాట్‌స్టార్ విషయంలో చాలామంది ఏడాది ప్లాన్ వైపు మొగ్గుతారు. 2026 జనవరి దాకా ఉన్న రేట్ల ప్రకారం 499 చొప్పున నాలుగుసార్లు కట్టే బదులు ఒకేసారి 1,499 కడితే లాభమే కదా అని. నాలుగుసార్లూ కట్టేవాళ్లకు లాభమే. మీకు కావలసింది ఐపీఎల్‌కు ఒక మూడు నెలలు, ఇంకేదైనా పెద్ద టోర్నీకో కొత్త సినిమాలకో ఇంకో మూడు నెలలు. ఆ రేట్ల ప్రకారం రెండుసార్లకు 998. ఏడాది ప్లాన్ కన్నా 501 తక్కువ, ఇప్పటి మీ ఖర్చు కన్నా 998 తక్కువ. 2026 జనవరిలో కొత్తగా చేరేవాళ్లకు రేట్లు పెంచారు కాబట్టి, మళ్లీ తీసుకునే రోజున రేటు ఎంతుందో చూసుకునే తీసుకోండి, ఈ కంపెనీలు రేట్లు మార్చడంలో ఆలస్యం చేయవు. జీ5, ఆహా రెండూ ఒకేసారి అక్కర్లేదు, ఒకటి చాలు. జీ తెలుగు కేబుల్లో వస్తుంది కాబట్టి నేనైతే జీ5నే ఆపేస్తాను, కానీ అది మీ ఇంటి ఇష్టం. ఏది ఆపినా 700 దాకా మిగులుతుంది. ప్రైమ్‌ను కదపలేదు. సరుకులు అందులో తెప్పించుకుంటున్నారేమో, లేకపోతే గడువు తీరాక దానికీ ఇదే పద్ధతి.

ఓటీటీల మీద మొత్తం 3,290, మేడమీద బాక్స్ 3,000. కలిపి 6,290.

మీ వారికి అన్యాయం చేయకూడదు కాబట్టి ఇదీ చెబుతున్నా. ఆయన చెప్పినట్టు కేబుల్ మొత్తం తీసేసి, నెట్‌ఫ్లిక్స్‌ను కూడా నాలుగు నెలలకే పరిమితం చేస్తే, స్టిక్ ఖర్చు లేని రెండో ఏడాది నుంచి నా లెక్క కన్నా ఓ పదిహేను వందలు ఎక్కువే మిగలొచ్చు. నెలకు నూట పాతిక. ఆ నూట పాతిక కోసం ఒక పెద్దావిడ ప్రతి సాయంత్రం "ఒరేయ్, ఆ యాప్ పెట్టి పోరా" అని ఇంట్లో వాళ్లను పిలుచుకోవాలి. లాగిన్ పోయిన రోజు ఓటీపీ మీ ఫోన్‌కు వస్తుంది, మీరు స్కూల్లో ఉంటారు. నా దృష్టిలో ఆ బేరం గిట్టదు. అదే తిరుపతిలో భవానీ నగర్‌లోనో, రేణిగుంట రోడ్డులోనో అద్దెకుంటున్న చిన్న వయసు జంట నన్ను అడిగి ఉంటే, కేబుల్ తీసేయండి అనే రాసేవాణ్ని.

999 ప్లాన్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తా. మీరు కట్టే 471లో జీఎస్టీ తీసేస్తే ప్లాన్ 399, దానికీ 999కీ తేడా 600. పద్దెనిమిది శాతం జీఎస్టీతో 708. ఏడాదికి 8,496. పైన చెప్పిన పద్ధతిలో మీ ఓటీటీలన్నిటికీ అయ్యేది ఏడాదికి నాలుగు వేలు. నాలుగు వేల సరుకును ఎనిమిదిన్నర వేలకు అమ్మి, ఉచితం అంటున్నారు. వద్దు.

ఇక ఫోన్లు. ఇంట్లో వైఫై ఉన్నప్పుడు రోజుకు 2 జీబీ ఎవరు వాడతారు? మీ ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా వాడకం చూడండి. షాపులో కూర్చునే మీ వారికి అవసరం పడొచ్చేమో కానీ, క్లాసులో ఉండే మీకు పడదు. ఇద్దరూ 1.5 జీబీ ఉన్న 299 ప్లాన్‌కు మారితే 1,300 మిగులుతుంది. అత్తగారి ఫోన్‌కు ఇంకా మంచి దారి ఉంది. డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లకే రీచార్జ్ ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలను ఆదేశించింది. ఆ ప్యాక్‌లు 84 రోజులకు 450 దరిదాపుల్లో ఉన్నాయి. యాప్‌లో మొదటి పేజీలో కనిపించవు, కిందికి వెళ్లి వెతకాలి. ఏడాదికి రెండు వేల లోపే అవుతుంది, 1,900 దాకా మిగులుతుంది. ఇంట్లో ఉన్నంతసేపు వాట్సాప్ వైఫై మీద వస్తుంది. గుడికో, పెళ్లికో వెళ్లినప్పుడు మాత్రం రాదు, ఆ ముక్క ఆమెకు ముందే చెప్పండి. ఫోన్‌పే లాంటివి వాడే అలవాటుంటే ఈ ప్యాక్ వద్దు.

ఫోన్లతో 3,200, టీవీతో 6,290. ఏడాదికి 9,490 రూపాయలు, అత్తగారి రిమోట్ కదపకుండా.

ఇదంతా పనిచేయాలంటే ఆటోపే ఆపాలి. ఏ యాప్ అయినా డబ్బు కట్టేటప్పుడే, ఇకపై మీరే కోసుకోండి అని మన చేత అనుమతి తీసుకుంటుంది. పదిహేను వేల లోపు మొత్తాలకు ప్రతిసారీ ఓటీపీ కూడా అడగదు. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, కోసుకునే ముందు రోజే మెసేజ్ రావాలి. వస్తుంది కూడా. మనమే చూడం. అందుకని నెట్‌ఫ్లిక్స్ తీసుకున్న రోజునే యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఉన్నచోటికి వెళ్లి రద్దు చేయండి. కట్టిన నెల పూర్తయ్యేదాకా అది నడుస్తూనే ఉంటుంది, మధ్యలో ఆగదు. ఈ పని మీ అమ్మాయికి అప్పగిస్తే ఇంకా మంచిది. ఇంట్లో ఎవరు ఏం చూస్తున్నారో ఆ పిల్లకే బాగా తెలుసు.

మిగిలిన డబ్బు ఖాతాలో ఉంటే కరిగిపోతుంది. నెలకు 800 చొప్పున బ్యాంకులో ఏడాది ఆర్డీ (రికరింగ్ డిపాజిట్) వేయండి. జూన్‌లో మొదలుపెడితే వచ్చే జూన్‌లో ఫీజులు, పుస్తకాల సమయానికి 9,600, దాని మీద వడ్డీ చేతికొస్తాయి.

ఈ నెల కేబుల్ అబ్బాయి డబ్బుకు వచ్చినప్పుడే మేడమీద బాక్స్ సంగతి చెప్పండి. నోటి మాటతో వదిలేయకుండా వాట్సాప్‌లో ఒక మెసేజ్ కూడా పెట్టండి. బాక్స్‌కు డిపాజిట్ కట్టారో, సొంతానికి కొన్నారో పాత రసీదు తీసి చూడండి. డిపాజిట్ అయితే బాక్స్, రిమోట్, అడాప్టర్ మూడూ ఇచ్చి డబ్బు అడగండి. సొంతమైతే మాత్రం ఇవ్వకండి. హాల్లో బాక్స్ ఎప్పుడైనా పాడైతే అది పనికొస్తుందేమో అతన్నే అడిగి, బీరువా మీద పెట్టేయండి.